అమ్మ కువైట్ వెళ్లింది – అక్కడి టైము, దీనారు, ఇళ్ల పద్ధతులు తెలిసినవాళ్లు చెప్పండి

లంక_అమ్మాయి | ఆదివారం రాత్రి 9:48

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమ. మా అమ్మ పోయిన నెల కువైట్ వెళ్లింది, ఇంటి పనికి. వీసా మీద 20 అని ఉంది. నేను డిగ్రీ రెండో సంవత్సరం, తమ్ముడు తొమ్మిదో తరగతి. ఇద్దరం అమ్మమ్మ దగ్గర ఉంటున్నాం.

రాత్రి తొమ్మిదింటికి అన్నాలు తినేసి అమ్మకి ఫోన్ చేస్తామండి. ఎప్పుడూ ఎత్తదు. తనేమో రాత్రి రెండింటికి మిస్డ్ కాల్ ఇస్తుంది, అప్పటికి మేం మంచి నిద్రలో ఉంటాం. ఫోన్‌లో చూస్తే రెండున్నర గంటలే తేడా. అంటే మన తొమ్మిది అక్కడ ఆరున్నర. సాయంత్రం ఆరున్నరకి ఫోన్ ఎత్తే తీరిక కూడా లేనంత పని ఏముంటుందో మాకు అంతుపట్టడం లేదు.

జీతం నెలకి 120 దీనార్లని కాంట్రాక్టులో రాశారు. ఊళ్లో అందరూ దీనారంటే డాలరుకి మూడింతలట, ఇక మీకేం లోటు అంటున్నారు. ఆ దేశం దేనిమీద బతుకుతుందో, ఆ ఇళ్లలో రోజు ఎలా గడుస్తుందో ఎవరైనా చెప్తే అమ్మ మాటలు నాకు అర్థమవుతాయి. మేం ఏమడిగినా "బాగానే ఉన్నాను, మీరు తిన్నారా" అంటుంది తప్ప ఇంకేం చెప్పదు.

పెన్నా_ఒడ్డు | ఆదివారం రాత్రి 11:20

చెల్లెమ్మా, మాది రాజంపేట పక్క. ఈడ ఒక కువైటీ ఇంట్లో డ్రైవర్‌గా చేస్తాండా. నాదీ మీ అమ్మ మాదిరే వీసా 20, ఇండ్లల్లో పని చేసేటోళ్లకి ఇచ్చేది. అందుకే ఆ ఇండ్లల్లో రోజు ఎట్ల నడుస్తాదో బాగా తెలుసు.

తెల్లారి అయిదుకల్లా లేస్తాం. ఆరున్నరకి పిల్లోళ్లు బడికి, పెద్దోళ్లు ఆఫీసుకి. ఈడ ఆడోళ్లు కూడా చానామంది ఉద్యోగాలకి పోతారు, ఇల్లంతా పనామె చేతి మీదనే నడుస్తాది. పెద్ద తిండి మధ్యాహ్నం రెండున్నర, మూడుకి. అందరూ ఇంటికొచ్చి ఒకచోట కూర్చుని తింటారు. మచ్‌బూస్ అని మసాలా అన్నం, దాని మీద కోడో మేకో చేపో పెట్టి పెద్ద పళ్లెంలో తెచ్చి పెట్టాల. అది తిన్నాంక ఇల్లంతా పండుకుంటాది. మళ్లా అయిదు దాటినాంకనే లేస్తారు. అప్పుడు చాయ్, ఖహ్వా (అరబ్బుల కాఫీ), ఖర్జూరం, వచ్చే చుట్టాలు, పిల్లోళ్ల చదువులు. మగోళ్లు దేవానియాకి, అంటే మగోళ్లంతా కూడి మాట్లాడుకునే గదికి, పోతారు. రాత్రి తిండి పదికో పదకొండుకో. గిన్నెలన్నీ కడిగి పండుకునేతలికి పన్నెండు.

ఇప్పుడు లెక్క చూడు. మీ తొమ్మిది ఈడ ఆరున్నర, ఇంట్లో పని ముమ్మరంగా ఉండే టైము. మీ రాత్రి రెండు ఈడ పదకొండున్నర, ఆయమ్మ పని ముగించుకుని రూముకి పోయే టైము. మీరు సాయంత్రం ఆరు నుంచి ఏడు లోపల చేయండి. ఈడ మూడున్నర నుంచి నాలుగున్నర అవుతాది. మధ్యాహ్నం గిన్నెలు అయిపోయి, ఇల్లు పండుకుని ఉంటాది. ఆ గంటే మనోళ్లకి కాస్త ఊపిరి.

సాల్మియా_సిస్టర్ | సోమవారం ఉదయం 8:05

రాత్రి డ్యూటీ దిగి చూశాను. పెన్నా అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేనిక్కడ నర్సుని.

గడియారం సంగతి వరకూ చెప్తానమ్మా. కువైట్ టైము యూటీసీకి (ప్రపంచమంతా లెక్కకి పెట్టుకున్న టైముకి) 3 గంటలు ముందు, మనది అయిదున్నర ముందు, అందుకే రెండున్నర గంటల తేడా. అమెరికాలోలా ఎండాకాలం ఒక గంట జరపడం, చలికాలం వెనక్కి తిప్పడం ఇక్కడ లేదు, ఏడాది పొడవునా ఇదే లెక్క. సౌదీ, ఇరాక్, ఖతర్, బహ్రెయిన్ అన్నీ ఇదే టైము. దుబాయ్, మస్కట్ ఒక గంట ముందుంటాయి. మీ ఊళ్లో దుబాయ్‌లో ఉన్నవాళ్లు గంటన్నర తేడా అంటే అయోమయపడకండి.

వారం మాత్రం వేరు. ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. 2007 దాకా గురు, శుక్రవారాలుండేవి, తర్వాత మార్చారు. ఆదివారం ఇక్కడ వారం మొదలు, పొద్దున్నే బడులు, ఆఫీసులు. ఆదివారం మీకు తీరికని చేస్తే అమ్మకి కుదరకపోవచ్చు. శుక్రవారం కూడా తేలిక రోజనుకోకు. ఆ రోజు కొడుకులూ కూతుళ్లూ మనవలూ అందరూ పెద్దవాళ్లింటికి భోజనానికి వస్తారు. అమ్మ పనిచేసేది ఆ పెద్దవాళ్లింట్లోనే అయితే వారం మొత్తంలో ఎక్కువ వంట శుక్రవారమే.

రంజాన్‌లో ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. ఆ నెల గురించి విడిగా రాస్తాను, ఇప్పుడు కళ్లు మూతపడుతున్నాయి.

లంక_అమ్మాయి | సోమవారం ఉదయం 8:40

అక్కా, అన్నా, చాలా చాలా థాంక్సండి. సాయంత్రం ఆరుంపావుకి చేసి చూస్తాం. అమ్మ వాళ్ల ఇంట్లో బామ్మ కూడా ఉందట, అయితే అది పెద్దవాళ్లిల్లే అనుకుంటాను.

లెక్కల_పంతులు | సోమవారం మధ్యాహ్నం 1:15

అమ్మాయీ, నేను కామర్స్ చెప్తాను. కువైట్‌లో ఉండలేదు గానీ, మా కాలేజీ పిల్లల్లో సగం మంది ఇళ్లకి అక్కడి నుంచే డబ్బు వస్తుంది కాబట్టి ఆ దేశం లెక్కలు చాలాకాలంగా చదువుతున్నాను.

దీనారు ఒక్కటి 270 రూపాయల పైన పలుకుతోంది. ప్రపంచంలో ఒక్క యూనిట్ విలువ అన్నిటికంటే ఎక్కువున్న కరెన్సీ అదే. అంతమాత్రాన ఆ దేశం అమెరికా కన్నా మూడింతలు గొప్పదని కాదు. 1961 ఏప్రిల్‌లో దీనారు పుట్టినప్పుడు దాన్ని ఒక బ్రిటిష్ పౌండుకి సమానంగా పెట్టారు. మొదటే పెద్ద ముక్కగా కోశారన్నమాట. అంతకుముందు కువైట్‌లో నడిచింది మన రూపాయే! పదమూడు రూపాయల అయిదణాల చిల్లరకి, అంటే 13.33 రూపాయలకి ఒక దీనారు లెక్కన పాత రూపాయలు తీసుకుని కొత్త దీనార్లు ఇచ్చారు. ఆ తర్వాత రూపాయి 1966లో ఒకసారి, 1991లో మరోసారి బాగా దిగింది, ఈ మధ్యలోనూ తర్వాతా దిగుతూనే ఉంది. పౌండు కూడా చిక్కిపోయింది. చమురు డబ్బు వెనకుండటంతో దీనారు నిలబడింది. 13 రూపాయలు 270 దాటడంలో దీనారు ఎదిగింది కొంత, మన రూపాయి తగ్గింది చాలా.

ఇంకో సంగతి. సౌదీ రియాల్, దుబాయ్ దిర్హామ్ డాలరుకి గట్టిగా ముడేసి ఉంటాయి. కువైట్ 2007 మే నుంచి ఒక్క డాలరుకే కాకుండా కొన్ని కరెన్సీల బుట్టకి ముడేసింది. అందుకే డాలరు కదిలినప్పుడు దీనారు అంతే కదలదు, కాస్త తక్కువ ఊగుతుంది.

ఇక ఆ దేశం దేనిమీద బతుకుతుందంటావా, చమురు మీద. ప్రభుత్వ ఆదాయంలో పదింట తొమ్మిది వంతులు దాదాపు అదే. 1938లో బుర్గాన్‌లో పడింది. ప్రపంచంలో అతి పెద్ద చమురు క్షేత్రాల్లో సౌదీ ఘవార్ తర్వాత దాన్నే చెప్తారు. యుద్ధం అడ్డుపడి మొదటి ఓడ 1946లో బయల్దేరింది. అంతకుముందు వాళ్లు ముత్యాలు ఏరుకుని, ఓడలు నడుపుకుని బతికారు. జపాన్‌వాళ్లు పెంపకం ముత్యాలు తెచ్చేసరికి 1930ల్లో ఆ బతుకు చితికిపోయింది. ఆ కష్టం చూసిన తరం కాబట్టే కాబోలు, చమురు డబ్బు చేతికొచ్చాక 1953లోనే పెట్టుబడి బోర్డు పెట్టి మిగులు సొమ్ము దాచడం మొదలెట్టారు. ప్రపంచంలో ఏ దేశమూ అంతకు ముందు అలా సార్వభౌమ నిధి పెట్టలేదు. 1976లో రాబోయే తరాల కోసమని ఇంకో నిధి పెట్టి, ఏటా ఆదాయంలో 10 శాతం అందులో వేశారు. ఈ దూరదృష్టికి నాకు నిజంగా గౌరవం.

మరి ఈ డబ్బు మీ అమ్మ దాకా ఎలా వస్తుందంటే: కువైట్ జనాభా 50 లక్షలకి అటూఇటూ, అందులో పౌరులు మూడో వంతే. వాళ్లలో ఎక్కువమందికి ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్ను లేదు, బియ్యం పంచదార నూనె సబ్సిడీ మీద వస్తాయి. చమురు సొమ్ము జీతాలుగా ఆ ఇళ్లలోకి వెళ్తుంది. ఇంటి పని, వంట, బండి, దుకాణం, కట్టుబడి అన్నీ బయటివాళ్లు చేస్తారు. అందులో మనదేశంవాళ్లే సుమారు 10 లక్షలు, అందరికంటే ఎక్కువ.

పాత_కువైట్ | సోమవారం సాయంత్రం 4:30

పంతులుగారూ, రూపాయి సంగతి ఎత్తి మంచిపని చేశారండి. మాది నర్సాపురం. 1980ల్లో వెళ్లినవాణ్ణి. మా బాబా (ఇంటి యజమానిని అలాగే పిలుస్తాం) వాళ్ల నాన్నగారు ఓడ నడిపిన మనిషి. బస్రా ఖర్జూరం నింపుకుని బొంబాయి, కాలికట్ వచ్చి, మలబారు టేకు, బియ్యం, మసాలాలు తీసుకెళ్లేవారట. వాళ్ల ఓడలకి చెక్క మన దేశానిదే. ఆ పెద్దాయన నాతో ముక్కలు ముక్కలుగా హిందీ మాట్లాడేవాడు. బొంబాయిలో ఏ వీధిలో ఏం దొరికేదో నాకే చెప్పేవాడండి.

అప్పట్లో గల్ఫ్‌కని రిజర్వ్ బ్యాంకు 1959లో వేరే రంగుల్లో రూపాయి నోట్లు కూడా వేసింది. బంగారం దొంగరవాణాకి మన రూపాయలు అటుపోయి, మళ్లీ మన బ్యాంకుకే విదేశీ మారకం కోసం తిరిగొస్తుంటే, దాన్ని ఆపడానికి వేసిన నోట్లవి. పెద్దాయన ఒకటి దాచుకుని చూపించాడు.

1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం దిగింది. ఆ పొద్దు దీనారు విలువ ఏమయిందో నేను కళ్లారా చూశానండి. ఇరాక్ వాళ్లు దాన్ని తమ దీనారుతో సమానం చేసి, తర్వాత చెల్లదనేశారు. ఏళ్ల తరబడి కూడబెట్టింది చేతిలో కాగితమైంది. ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో డేరాల్లో పడుండి, ఎయిరిండియా విమానంలో బొంబాయి దిగాం. అలా తీసుకొచ్చినవాళ్లు 1,70,000 మంది పైనే. అదే ప్రవాసంలో ఉన్న కువైట్ ప్రభుత్వానికి ఇందాక పంతులుగారు చెప్పిన ఆ దాచిన నిధే అండ అయింది. అందుకే అమ్మాయ్, అమ్మ పంపిన డబ్బు ఏ నెలది ఆ నెల మన బ్యాంకులో పడేలా చూసుకోండి. అక్కడ ఎవరి దగ్గరా దాచొద్దని చెప్పండి. అప్పటి రోజులు మళ్లీ రావాలని కాదు, చేతిలో ఉన్న కష్టం చేతిలో ఉండాలని.

లంక_అమ్మాయి | సోమవారం రాత్రి 7:25

ఎత్తిందండీ!! ఆరుంపావుకి చేశాం, మొదటి రింగుకే ఎత్తింది. నలభై నిమిషాలు మాట్లాడింది. తమ్ముడు బడి సంగతులన్నీ చెప్పాడు. పెన్నా అన్నా, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

అమ్మ ఒక మాటంది, అది అడగాలి. పాస్‌పోర్టు వాళ్ల మామా (అంటే ఇంటావిడ) బీరువాలో పెట్టిందట. "ఇక్కడ అందరిదీ అంతే" అంది. అది మామూలేనా? ఇంకా, మా పెదనాన్న కొడుకు కువైట్‌లోనే వీసా 18 (కంపెనీ వీసా) మీద ఉన్నాడు, అతనికీ 120 దీనార్లే. కానీ నెలాఖరుకి ఏం మిగలడం లేదంటాడు. ఒకటే జీతం కదా మరి?

ఎల్లమ్మ_వాగు | సోమవారం రాత్రి 8:10

చెల్లె, నాది నిజామాబాద్ దిక్కు. నేను వీసా 18, కన్‌స్ట్రక్షన్ల ఫోర్‌మన్. మీ అన్న చెప్పేది నిజమే. మా రూం కిరాయి మేమే కట్టుకోవాలె, తిండి మేమే వండుకోవాలె, ఫోను, బస్సు అన్నీ మావే. ఒక్క రూంల ఆరుగురం ఏడుగురం ఉంటం. ఇంట్ల పనిచేసేటోళ్లకి రూము, తిండి ఇంటోళ్లదే, అకామా (ఈడ ఉండెతందుకు పర్మిట్) ఖర్చు గూడ వాళ్లదే. గందుకే అదే 120ల మీ అమ్మకి ఎక్కువ మిగుల్తది. కని మాకు డ్యూటీ అయిపోతే బయటికి పోవచ్చు, శుక్రవారం మాది. ఇంట్ల ఉన్నోళ్లకి గా తలుపు దాటుడే కష్టం.

అట్లని మాకేం సుఖం లేదు. జూన్ ఒకటి నుంచి ఆగస్టు ఆఖరు దాక పొద్దున 11 నుంచి 4 దాక ఎండల పని చేపియ్యొద్దని రూల్ ఉన్నది. మిత్రిబా అనేకాడ 2016 జూలైల 53.9 డిగ్రీలు కొట్టింది, అంత ఎండ దునియాల చానా తక్కువ చోట్ల నమోదైంది. మంచి సైట్ల రూల్ పాటిస్తరు, తెల్లారగట్ల నాలుగింటికే పని షురూ చేస్తం. 2024 జూన్‌ల మంగఫ్‌ల లేబర్లుండే బిల్డింగ్ కాలి దాదాపు 50 మంది పోయిన్రు, అండ్ల ఎక్కువ మంది మనదేశపోళ్లే. ఆ యాదికొస్తె ఇప్పటికీ రూంల గ్యాస్ ఆర్పిన్నో లేదో రెండుసార్లు చూస్త. మీ అన్నకి చెప్పు, రూంల బయటికి పోయే దారి ఎప్పుడు ఖాళీగ ఉంచుకోమని.

ఇంకొకటి, 2025 జూలై నుంచి వీసా 18 మీద ఉన్నోళ్లు దేశం దాటాల్నంటే కంపెనీ నుంచి పర్మిషన్ తీస్కోవాలె, సహల్ అనే సర్కారు యాప్‌ల వస్తది. టికెట్ కొనకముందే అది అడగమను.

సాల్మియా_సిస్టర్ | సోమవారం రాత్రి 10:50

పాస్‌పోర్టు మాట వినగానే మనసు చివుక్కుమంది. మామూలు కాదమ్మా. చాలా ఇళ్లలో జరుగుతుంది గానీ చట్టం ఒప్పదు. ఇంటి పనివాళ్ల కోసం కువైట్‌లో 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. పనిమనిషి ఒప్పుకుంటే తప్ప పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. రోజుకి 12 గంటలకి మించి పని ఉండకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. కనీస జీతం 60 దీనార్లు. పని మానేసి వెళ్లేటప్పుడు పనిచేసిన ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. గల్ఫ్‌లో ఇంటి పనివాళ్లకి ఇంత వివరంగా హక్కులు రాసిన తొలి చట్టాల్లో ఇదొకటి. 2021 జూన్‌లో మన దేశం, కువైట్ కలిసి ఇంటి పనివాళ్ల మీద ఒప్పందం కూడా చేసుకున్నాయి.

చట్టం ఉంది కదా అని అమ్మని రేపే గొడవపడమని చెప్పకు. ఇల్లు మంచిదైతే మెల్లగా అడిగితే ఇచ్చేస్తారు. ముందు మీరు చేయాల్సింది, పాస్‌పోర్టు మొదటి, ఆఖరి పేజీలు, వీసా, కాంట్రాక్టు, బీమా కాగితం ఫోటోలు మీ దగ్గర పెట్టుకోవడం. అమ్మకి బతాకా (సివిల్ ఐడీ కార్డు) వచ్చిందా అడుగు. మెడికల్, వేలిముద్రలు అయ్యాక ఇస్తారు. 2019 నుంచి పాస్‌పోర్టు మీద అకామా స్టిక్కరు వేయడం మానేశారు, అన్నీ ఆ కార్డుతోనే. అది మాత్రం అమ్మ సంచీలో ఉండాలి, ఎవరికీ ఇవ్వకూడదు.

మోడరేటర్ | మంగళవారం ఉదయం 9:00

మంచి చర్చ, అందరికీ కృతజ్ఞతలు. ఇద్దరు సభ్యులు ఏజెంట్ల ఫోన్ నంబర్లు పెట్టారు, వాటిని తీసేశాం. అమ్మాయి, వాళ్లమ్మ ఉన్న ప్రాంతం, ఇంటివాళ్ల పేర్లు ఎవరూ అడగవద్దు, ఆ అమ్మాయి కూడా రాయవద్దు.

పెన్నా_ఒడ్డు | మంగళవారం సాయంత్రం 6:40

ఇప్పుడే ఇల్లు పండుకుంది, రాస్తాండా.

దేవానియా గురించి రాయాలనుకుంటి. ప్రతి పెద్దింటికి ముందర ఒక పెద్ద గది ఉంటాది, చుట్టూ గోడెంబడి పరుపులు. సాయంత్రం మగోళ్లంతా ఆడ కూర్చుంటారు. పెండ్లి మాటలు, యాపారం, తగువులు, సర్కారు సంగతులు అన్నీ ఆడనే. ఎవరైనా పోవచ్చు, సలామ్ చెప్పి కూర్చోవచ్చు. ఇంట్లో దేవానియా ఉన్న దినం వంటింటికి పని రెండింతలు, చాయ్ గ్లాసులు తిరుగుతానే ఉంటాయి. మీ అమ్మని ఏ దినం దేవానియా ఉంటాదో అడుగు, ఆ దినం ఫోన్ చేయొద్దు. మా ఇంట్లో మంగళారమే.

మనుషులు ఎట్లాంటోళ్లంటే, నేను చూసినంతలో చేయి పెద్దది. మా బాబా నా బిడ్డ చదువుకి అడగకుండానే ఇచ్చినాడు. అట్లనే, జీతం మూడు నెల్లు ఆపిన ఇల్లు కూడా మా వీధిలోనే చూసినా. రెండూ ఉండాయి.

పాత_కువైట్ | మంగళవారం రాత్రి 8:55

ఆ దేవానియాల నుంచే వాళ్ల రాజకీయమంతా పుట్టిందండి. గల్ఫ్ అరబ్బుల్లో ఎన్నికలతో పార్లమెంటు మొదట పెట్టుకున్నది వాళ్లే, 1963లో. ఆడవాళ్లకి ఓటు 2005లో వచ్చింది. 2024 మేలో అమీరు ఆ సభని రద్దుచేసి కొన్ని రాజ్యాంగ అధికరణాలు పక్కన పెట్టారు. నాకు తెలిసిన కువైటీలు మాటకారులు, వాళ్ల రాజుని గురించి కూడా ఇంట్లో ధారాళంగా మాట్లాడేవారు. మనం మాత్రం ఆ మాటల్లో తలదూర్చకూడదు. పరాయి దేశంలో పనికెళ్లినవాళ్లం, ఫేస్‌బుక్‌లో ఒక్క మాట రాసినా ముప్పే.

శుక్రవారం సెలవు దొరికితే అమ్మని మాలియా వైపు వెళ్లమనండి, ఎవరైనా తోడుంటే. సిటీలో అక్కడ మనవాళ్లు గుంపులు గుంపులుగా కలుస్తారు. ఓ పక్క కడప మాటలు, ఓ పక్క గోదారి మాటలు. ఊరెళ్లేవాళ్ల చేత పచ్చళ్లు, బంగారం, పిల్లల బట్టలు పంపించుకునేది అక్కడే. చర్చిల్లో తెలుగు ఆరాధన కూడా శుక్రవారమే జరుగుతుంది. హిందువులు ఇళ్లల్లోనే పూజ చేసుకుంటారు.

లంక_అమ్మాయి | మంగళవారం రాత్రి 9:30

మేం క్రైస్తవులమేనండి. అమ్మ ఆదివారం చర్చి లేదని బాధపడుతోంది. శుక్రవారం ఉంటుందని చెప్తాను, చాలా సంతోషిస్తుంది. సిస్టర్ అక్కా, రంజాన్ గురించి రాస్తానన్నారు.

సాల్మియా_సిస్టర్ | బుధవారం ఉదయం 7:50

రాస్తున్నాను. రంజాన్ ఏటా పదకొండు రోజుల దాకా ముందుకి జరుగుతూ ఉంటుంది. ఆ నెలలో ఆఫీసులు, బడులు ఆలస్యంగా తెరిచి తొందరగా మూస్తారు. పగలు ఇల్లు నిద్రలో ఉంటుంది, రాత్రి మెలకువగా ఉంటుంది. పొద్దు గూకాక ఇఫ్తార్, దానికి మధ్యాహ్నం రెండింటి నుంచే హరీస్, తరీద్, సమోసాలు, షర్బత్‌లు తయారవ్వాలి. నడిరాత్రి గబ్గా అని ఇంకో విందు. తెల్లవారకముందు సహర్ భోజనం. నిజం చెప్పాలంటే ఇంటి పనివాళ్లకి ఏడాదిలో అన్నిటికంటే కష్టమైన నెల. మా ఆస్పత్రికి ఆ నెలలో కళ్లు తిరిగిపడిపోయిన ఆడవాళ్లు వస్తారు, వాళ్లకి జబ్బేం ఉండదు, నిద్ర ఉండదు.

ఆ నెలలో సాయంత్రం ఆరింటికి ఫోన్ చేయకమ్మా. మన సాయంత్రం ఆరు అంటే ఇక్కడ మూడున్నర, వంట మంట మీద ఉంటుంది. మన మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య చేస్తే ఇక్కడ తొమ్మిదిన్నర, పదిన్నర. ఇల్లంతా నిద్రలో ఉన్నప్పుడు అమ్మ లేచి ఉంటే దొరుకుతుంది. పడుకుని ఉంటే లేపొద్దు, ఆ నిద్ర ఆవిడకి చాలా అవసరం. ముందే మాట్లాడుకుని వారానికి రెండు రోజులు అనుకోండి.

పగటిపూట బయట నీళ్లు కూడా తాగకూడదు, ఏ మతంవాళ్లయినా. 1968 నాటి చట్టం ఉంది, జరిమానా 100 దీనార్ల దాకా వేయొచ్చు, జైలు కూడా. ఇంట్లో, వంటింట్లో తాగొచ్చు, తినొచ్చు. అమ్మ మొహమాటపడి తానూ పస్తుండకూడదు, గట్టిగా చెప్పు.

లెక్కల_పంతులు | బుధవారం మధ్యాహ్నం 2:05

డబ్బు పంపడం గురించి ఎవరూ రాయలేదు. శుక్ర, శనివారాలు అక్కడ సెలవైనా ఎక్స్ఛేంజి దుకాణాలు తెరిచే ఉంటాయి. కానీ మన విదేశీ మారక మార్కెట్ శని, ఆదివారాలు మూత. ఆ రోజుల్లో దుకాణాలు ముందురోజు రేటు మీద తమ జాగ్రత్త కోసం కాస్త తగ్గించి ఇస్తాయి. శుక్రవారం మన సాయంత్రం లోపల పంపితే కొంచెం మేలు. దీనారుకి అర్ధరూపాయి తేడా అయినా 100 దీనార్లకి 50 రూపాయలు. అంతకంటే ముఖ్యం, రేటు ఎక్కువిస్తామనే హుండీవాళ్లకి (బ్యాంకుతో పనిలేకుండా దొంగచాటుగా డబ్బు చేరవేసేవాళ్లకి) ఇవ్వొద్దు. డబ్బు పోతే అడిగే దిక్కుండదు, దొరికితే కేసు. డబ్బు అమ్మ పేరుమీదే ఎన్నారై ఖాతాలో పడితే ఇంకా మంచిది. సొమ్ము ఆవిడది, పేరూ ఆవిడదే ఉండాలి.

కొత్త_చిగురు | బుధవారం రాత్రి 9:15

ఈ చర్చ మొత్తం చదివాను. మా అక్కకి 27 ఏళ్లు, ఇద్దరు చిన్నపిల్లలు. మా ఊరికి వచ్చిన ఒకాయన విజిట్ వీసా మీద పంపిస్తాను, అక్కడికెళ్లాక ఇంటిపని వీసా మార్పిస్తాను, డబ్బు కూడా ఏమీ ఇవ్వక్కర్లేదు అంటున్నాడు. వెళ్లే నెలా దగ్గరకొచ్చింది. ఏం చేయాలి?

పెన్నా_ఒడ్డు | బుధవారం రాత్రి 9:22

పంపొద్దు తమ్ముడూ. కాళ్లు పట్టుకుని చెప్తాండా, పంపొద్దు.

సాల్మియా_సిస్టర్ | బుధవారం రాత్రి 10:10

పెన్నా అన్న మాటే నాదీ. కారణాలు చెప్తాను, అక్కకి చదివి వినిపించు.

ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి విదేశం వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టు) ఉన్న ఆడవాళ్లు ఇంటి పనికి గల్ఫ్ వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. 2016 నుంచి అలాంటి నియామకాలు ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే జరగాలి. ఆంధ్రాలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో కాంట్రాక్టు నమోదవుతుంది, 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది. విజిట్ వీసా మీద పంపితే వీటిలో ఒక్కటీ ఉండదు. ఆ మనిషి డబ్బు అడగడం లేదంటే అక్కడ ఒక మక్తబ్ (పనివాళ్లని ఇళ్లకి కుదిర్చే ఆఫీసు) ఆయనకి ఇస్తోందని అర్థం. ఆ ఇల్లు తర్వాత ఆ సొమ్ము అక్క చేత పనిగా రాబట్టుకుంటుంది. ఇల్లు నచ్చకపోయినా వదిలిరానివ్వరు.

అలా వచ్చి ఇబ్బందుల్లో పడినవాళ్లు మన ఎంబసీ ఆశ్రయంలో ఉంటారు, నేను చూశాను. కాగితాలు లేని కేసు తేలడానికి నెలలు పడుతుంది. మీ ఊళ్లో ఇప్పటికే ఎవరైనా అలా వెళ్లి ఉంటే వాళ్ల కుటుంబం చేత మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించు. అక్క పాస్‌పోర్టు ఆ మనిషి దగ్గర ఉంటే రేపే వెనక్కి తీసుకో. ఇవ్వనంటే పోలీస్ స్టేషన్‌కి వెళ్లు.

కొత్త_చిగురు | బుధవారం రాత్రి 10:31

పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉందక్కా. రేపు పొద్దున్నే నాన్న, నేను వెళ్తున్నాం.

ఎల్లమ్మ_వాగు | బుధవారం రాత్రి 10:40

ఊరి సర్పంచ్‌ను గూడ తోల్కపో తమ్మీ. ఒక్కడివే మాట్లాడకు. పోయినంక ఏమైందో ఈడ రాయి, మేం చూస్తనే ఉంటం.